ఐదుగురూ డిఫెన్స్ వాళ్లే

అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో జట్లు కాలేజీ కుర్రాళ్లను ఎంచుకునే డ్రాఫ్ట్ అంటే మన ఐపీఎల్ వేలం లాంటిదే కదా అంటారు చాలామంది. కాదండీ. అక్కడ పాట పాడటం ఉండదు. నిరుడు అందరికన్నా అడుగున ఉన్న జట్టుకే మొదటి వంతు. కుర్రాడి ఇష్టాయిష్టాలతో పని లేదు, ఎవరు పేరు పిలిస్తే ఆ ఊరికి పెట్టె సర్దుకోవాల్సిందే.

2022లో ఒక్క జార్జియా యూనివర్సిటీ నుంచే 15 మందిని తీసుకున్నారు. ఏడు రౌండ్ల డ్రాఫ్ట్‌లో అప్పటిదాకా ఏ కాలేజీకీ అంతమంది లేరు. అందరికన్నా ముందు పిలిచిన పేరు ట్రావాన్ వాకర్, జాక్సన్‌విల్ జట్టుకి. మొదటి రౌండ్‌లోనే ఐదుగురు, ఐదుగురూ డిఫెన్స్ వాళ్లే! ఆ జనవరిలో అలబామాను 18 పాయింట్ల దగ్గర ఆపి కాలేజీ ఛాంపియన్‌షిప్ కొట్టారంటే ఊరికే కొట్టలేదు మరి.

ఆ పదిహేను మందిలో నాకు మాత్రం నకోబీ డీనే ముచ్చట. అంతకు ముందు ఏడు దేశంలో ఉత్తమ కాలేజీ లైన్‌బ్యాకర్‌గా (డిఫెన్స్‌లో ఒక స్థానం) బట్కస్ అవార్డు అందుకున్నవాడు. పైగా మెకానికల్ ఇంజనీరింగ్ చదువు (మన ఇళ్లలోనైతే ఆట మానేయమనేవాళ్లు). అలాంటివాడు ఎత్తు తక్కువనీ, గాయాలనీ 83వ పిలుపు దాకా కూర్చోవాల్సి వచ్చింది. చివరికి ఫిలడెల్ఫియా తీసుకుంది. అదే జట్టు మొదటి రౌండ్‌లో జోర్డన్ డేవిస్‌నీ పట్టింది. మరుసటేడు అదే కాలేజీ నుంచి ఇంకో ముగ్గురు డిఫెన్స్ వాళ్లను తీసుకుంది. 2025 ఫిబ్రవరిలో ఎన్‌ఎఫ్‌ఎల్ ఫైనల్ సూపర్‌బౌల్ కూడా ఫిలడెల్ఫియాదే. ఎవరు మెదడు పెట్టి ఎంచుకున్నారో, ఎవరు టేపు పెట్టి కొలిచారో మీరే చెప్పండి.