బట్టకంటిన నలుపు

మా నాన్నగారు తెనాలిలో ఒక డాక్టరుగారి కారు నడుపుచుండెడివారు. అది నల్లని అంబాసిడరు కారు. బెంగాలులోని ఉత్తరపారాలో హిందుస్థాన్ మోటార్సు వారు 1950ల చివరినుండి 2014 వరకు అట్టి కార్లను తయారుచేయుచు వచ్చిరి. మా వీధిలో కారు గల ఇల్లు ఒక్కటియు లేదు. అయినను సంవత్సరమునకు రెండు మూడు పర్యాయములు ఆ కారు మా ఇంటిముందు నిలుచుచుండెను. పండుగలకు ముందు డాక్టరుగారి అనుమతితో నాన్నగారు దానిని ఇంటికి తెచ్చి, కడిగి, మెరుగుపెట్టి మరునాడు అప్పగించెడివారు. ఆ సాయంకాలము వీధిలోని పిల్లలందరు వచ్చి, దాని తలుపులలో తమ ముఖములు చూచుకొని నవ్వుకొనెడివారు. అది మా కారు కాకపోయినను, ఆ మెరుపు మాత్రము మాదేయని నేను గర్వపడుచుండెడివాడను.

కారు కడుగుటలో నాన్నగారికి కొన్ని నియమములు కలవు. కాలువనీటిని ముందునాటి రాత్రియే గంగాళములో పోయించి, బురద అడుగునకు దిగిన తరువాత పైనున్న తేటనీటినే వాడెడివారు. ఎండలో కడుగనిచ్చెడివారు కారు. వేడి రేకుపై నీరు వెంటనే ఆరిపోయి, దానిలోని ఉప్పు తెల్లని మచ్చలుగా నిలిచిపోవునని చెప్పెడివారు. పొడిబట్టతో దుమ్ము దులుపబోయిన నా చేతిని ఒకసారి గట్టిగా పట్టుకొని ఆపిరి.

"దుమ్మనగా ఏమిటిరా? ఇసుక. ఇసుకరేణువు రంగుకంటె గట్టిది. నీవు బట్టతో తుడిచినప్పుడు బట్టక్రింద ప్రతి రేణువును ఒక ఉలివలె గీయుచు పోవును. మొదట నీరు పోసి దుమ్మును వదిలింపుము, తరువాత తాకుము" అనిరి.

కడుగుట పైనుండి క్రిందికి సాగవలెను. టాపు, బానెట్టు, తలుపులు ముగిసిన పిదపనే చక్రముల యొద్దకు పోవలెను. చక్రములకు వాడిన బట్ట మరల పైకి రాకూడదు. ఈ పనులన్నిటిలో నేను ఆయనకు సహాయకుడను. కాని ఒక్క పని మాత్రము నాకు ఇచ్చెడివారు కారు. అది రబ్బింగు కాంపౌండుతో రుద్దుట. చిన్న డబ్బాలో, మెత్తని ముద్దవలె, కిరసనాయిలు వాసనతో ఉండెడి ఆ పదార్థమే కారునకు అద్దమువంటి మెరుపు తెచ్చునని నాకు తెలియును. అందుచేత దానిమీదనే నా మనసంతయు ఉండెడిది.

1976వ సంవత్సరమున నేను ఎనిమిదవ తరగతి చదువుచుంటిని. ఆ ఏడు దసరాకు ముందునాడు నాన్నగారు కారు తెచ్చిరి. మరునాటి ఉదయము డాక్టరుగారి ఇంట వాహనపూజ. కడుగుట ముగిసినది, బానెట్టు రుద్దుటయు ముగిసినది. పూలదండలు, నిమ్మకాయలు తెచ్చుటకు ఆయన అంగడికి పోవలసియుండెను. నేను చాలకాలముగా బతిమాలుచుంటిని కనుక, ఆనాడు నాపై దయకలిగి కాంపౌండు డబ్బాను నా చేతికిచ్చిరి.

"ముందరి మడ్గార్డు నీవు చేయుము. బట్టకు శనగగింజంత అంటించి, చేయి ఆనీ ఆననట్లు ఇరువది చుట్లు త్రిప్పుము. ఇరువదియొకటవ చుట్టు త్రిప్పవద్దు. అంచుల జోలికి పోవద్దు" అని చెప్పి వెళ్లిరి.

నేను లెక్కపెట్టుచు ఇరువది చుట్లు త్రిప్పితిని. బట్టను తీసి చూచితిని. అది నల్లబడియుండెను. ఇంతసేపు కడిగినను ఇంత మురికి మిగిలినదా యని ఆశ్చర్యపడితిని. మురికి మిగిలియుండగా పని ఆపుట నాకు తప్పుగా తోచినది. బట్ట మడత మార్చి మరల రుద్దితిని. మరల నల్లబడెను. మరియొక మడత, మరల నలుపే. ఒకవైపు మెరుపు హెచ్చుచుండెను; మరియొకవైపు మురికి తరుగకుండెను. నాన్నగారు తిరిగివచ్చునప్పటికి బట్ట తెల్లగా వచ్చునట్లు చేసి ఆయనను మెప్పింపవలెనని పట్టుదల పుట్టెను. చుట్ల లెక్క మరచితిని. అరచేతితో నొక్కి, మడ్గార్డుపై ఉబ్బిన అంచును సహితము వదలక రుద్దితిని.

కొంతసేపటికి బట్టకు నలుపు అంటుట నిజముగానే తగ్గినది. సంతోషముతో చేయి తీసి చూచితిని. అంచుమీద రూపాయి బిళ్లంత మేర ఎర్రగా కనబడినది. రేకు త్రుప్పు పట్టకుండ రంగు క్రింద పూసెడి ప్రైమరు అది. నా కాళ్లలో వణుకు పుట్టినది.

అప్పుడు నేను చేసిన పని చెప్పుటకు ఇప్పటికిని సిగ్గుగా ఉన్నది. పూజకై అమ్మ సిద్ధముచేసిన పళ్లెములోనుండి గంధమును, కుంకుమను తెచ్చి ఆ ఎర్రని మచ్చపై పెద్ద బొట్టు పెట్టితిని. మచ్చ కనబడలేదు. దండలు పట్టుకొని నాన్నగారు వచ్చిరి. కారు చుట్టును ఒకసారి తిరిగి, మడ్గార్డు వద్ద ఆగిరి.

"పూజ రేపు గదా! బొట్టు నేడే ఎందుకు పెట్టితివి?" అని అడిగిరి.

నేను మాటాడలేదు. ఆయన తడిబట్టతో బొట్టును మెల్లగా తుడిచిరి. మచ్చను చూచిరి. నన్ను కొట్టుదురని కనులు మూసికొంటిని. కాని ఆయన క్రిందపడియున్న నా బట్టను తీసి విప్పి, దాని మడతలన్నిటిని నాకు చూపిరి.

"ఇది ఏమనుకొంటివి?"

"మురికి, నాన్నా."

"మురికి కాదురా. కారు రంగు. రంగు లేచి బట్టలోనికి వచ్చినది. కాంపౌండు మెరుపును తెచ్చి పెట్టదు. గీతలు పడిన పైపొరను అరగదీసి నున్నగా చేయును. మెరిసినంత మేర రంగు తరిగినట్లే. అందుకే ఇరువది చుట్లన్నాను. ఎందుకని నీవు అడుగలేదు, నేనును చెప్పలేదు" అనిరి.

ఆ చివరి మాట నన్ను దెబ్బకంటె ఎక్కువగా బాధించినది. ఆ రాత్రి ఆయన భోజనము సరిగా చేయలేదు. కారు మాది కాదు. ఉద్యోగము పోయినచో మాకు వేరు ఆధారము లేదు.

మరునాడు తెల్లవారగనే నన్ను వెంటబెట్టుకొని వెళ్లిరి. మడ్గార్డు మీద బొట్టు పెట్టలేదు, దండ వేయలేదు. డాక్టరుగారు బయటికి రాగానే మచ్చను చూపి, "అయ్యా, మా ఇంట జరిగినది. తప్పు నాది" అనిరి. నా నోట మాట రాదనుకొంటిని. కాని ఎట్లో వచ్చినది. "నాన్న వద్దన్నను నేనే రుద్దితినండి. పైగా కుంకుమతో కప్పితిని" అంటిని.

డాక్టరుగారు కొంతసేపు మమ్ములను చూచిరి. "నిజము చెప్పితిరి, మంచిది. కాని రంగు ఖర్చు ఎవరు భరింతురు?" అని అడిగిరి.

"నా జీతములో పట్టుకొనుడు" అని నాన్నగారు బదులుచెప్పిరి.

నెలకు ఐదు రూపాయల చొప్పున ఎనిమిది నెలలు పట్టుకొనిరి. ఆ సంక్రాంతికి మా ఇంట క్రొత్తబట్టలు రాలేదు. నా పాతచొక్కాకు అమ్మ గంజిపెట్టి ఇచ్చినది, నేను తొడుగుకొంటిని. కాని మా చెల్లెలు పక్కింటి పిల్లల పరికిణీలను చూచుచు గడపలో కూర్చుండినది. తప్పు చేసినది నేను. పరికిణీ లేకపోయినది ఆమెకు. ఆనాడు తెలిసినది, మనము చేసిన తప్పు మనతోనే ఆగదని.

మడ్గార్డునకు క్రొత్తరంగు వేయించిరి. అదియు నల్లరంగే. అయినను ఎండకు వెలిసిన పాత నలుపు నడుమ ఆ క్రొత్త నలుపు వేరుగా కనబడుచుండెను. "దీనినిగూడ రుద్ది పాతదానితో కలుపవచ్చునా?" అని అడిగితిని. నాన్నగారు నవ్వి, "తొందరపడి ఒకసారి చెడగొట్టితివి. ఈసారి ఎండను చేయనిమ్ము" అనిరి. రెండు వేసవులు గడచిన పిమ్మట గాని ఆ తేడా తగ్గలేదు.

తరువాతి కాలమున మెరుపును గురించి కొంత చదివి తెలిసికొంటిని. నునుపైన తలముపై పడిన వెలుగు ఒకే దిక్కుకు తిరిగిపోవును. కనుకనే అందులో మన ముఖము కనబడును. గీతలున్నచో వెలుగు పలుదిక్కులకు చెదరిపోవును. రంగు పేలవముగా తోచును. పాతకారును ఎండలో చూచినచో, సూర్యుని ప్రతిబింబము చుట్టును సాలెగూటివంటి సన్నని వలయములు కనబడును. నిజమునకు ఆ గీతలు వలయములు కావు. అన్ని దిక్కులకు పోయిన గీతలలో వెలుగునకు అడ్డముగా ఉన్నవి మాత్రమే మెరసి, వలయములవలె భ్రమ కలిగించును. వానిలో పెక్కు దుమ్ముబట్టతో తుడుచుటవలన కలిగినవే. శుభ్రము చేయుచున్నామనుకొనుచు మనమే గీసిన గీతలవి.

మైనము సంగతి వేరు. అది అరగదీయదు, పైన పలుచని పొరగా నిలిచి కాపాడును. కార్లకు వాడు మేలైన మైనములలో కార్నౌబా ఒకటి. అది బ్రెజిలు దేశపు ఈశాన్యభాగమున పెరుగు ఒక చెట్టు ఆకులనుండి వచ్చును. మన తాటిచెట్టువలె దాని ఆకులును విసనకఱ్ఱల ఆకారమున ఉండును. ఆ మైనము పూసిన కారుపై వానచినుకులు తామరాకుమీది నీటిబొట్లవలె గుండ్రముగా నిలిచి జారిపోవును.

ఇప్పుడు నేను విజయవాడలో ఉన్నాను. మాకు ఒక చిన్న కారు కలదు. ఎనిమిదవ తరగతి చదువుచున్న నా మనుమరాలు ఆదివారములందు దానిని కడుగును. రెండు బాల్చీలు పెట్టుకొనును: ఒకటి సబ్బునీటికి, మరియొకటి స్పాంజికి అంటిన ఇసుకను వదిలించుటకు. కాకిరెట్ట పడినచో గోటితో గీకదు. దానిలోని ఆమ్లము రంగును తినివేయునని వెంటనే తడిబట్ట కప్పి, నానిన పిదప మెల్లగా ఎత్తివేయును. బోరునీటి మచ్చలు పడకుండ వెంటనే మెత్తని బట్టతో నీటిని అద్దును. ఇవన్నియు ఆమెకు నేర్పితిని.

మొన్న ఒకనాడు తలుపుమీది సన్నగీతలను పోగొట్టుటకు ఆమె పాలిషు రుద్దుచుండెను. కొంతసేపటికి బట్టను నాకు చూపి, "తాతయ్యా, చూడండి, బట్టకు రంగేమియు అంటలేదు. మీ కథలోని కారువలె ఇది అరుగదు. ఇంకను రుద్దవచ్చునా?" అని అడిగెను.

నేను ఆమె చేతిని ఆపి దగ్గర కూర్చుండబెట్టుకొంటిని. నేటి కార్లకు రంగుమీద గాజువంటి పారదర్శకమైన పొర ఒకటి ఉండును. ఎండనుండి రంగును కాపాడునది అదియే. దాని మందము సామాన్యముగా నలువది, ఏబది మైక్రానులు. మైక్రాను అనగా మిల్లీమీటరులో వెయ్యవ వంతు. అనగా ఆ పొర మన నోటుపుస్తకపు కాగితములో ఇంచుమించు సగము మందము మాత్రమే. పాలిషు అరగదీయునది ఆ పొరనే. దానికి రంగు లేదు కనుక బట్టకు రంగు అంటదు. అది తొలగిపోయిన చోట కొన్నాళ్లకు రంగు వెలిసిపోవును. దానిని మరల రుద్ది తెచ్చుటకు వీలుకాదు.

"ఆనాటి కారు తాను పోగొట్టుకొనుచున్నదానిని నా బట్టమీద చూపినది. చూచియు నేను గ్రహింపలేదు. నీ కారు అదియు చూపదమ్మా. కనుక నీవు మరింత జాగ్రత్తగా ఉండవలెను. గోరు తగిలి ఆగునంత లోతైన గీతను ఉండనిమ్ము. దానిని పోగొట్టబోయి చుట్టునున్న మంచిని పోగొట్టకుము" అని చెప్పితిని.

ఆమె కొంతసేపు ఆ గీతను చూచెను. తరువాత పాలిషు డబ్బాకు మూతపెట్టి, మైనము డబ్బాను తెరచెను. "ఎన్ని చుట్లు, తాతయ్యా?" అని అడిగి, నేను బదులు చెప్పకముందే, "ఎందుకో కూడ చెప్పండి" అనెను.