ఎర్రపిల్లలు

ఆదివారం పొద్దున ఆరింటికి మా ఊరి చెరువు గట్టెక్కితే కనీసం పదిహేను గాలాలు కనపడతాయి. వెదురుగెడలు, బెండు కట్టిన నైలాన్ దారాలు, ఈమధ్య ఆన్‌లైన్లో తెప్పించుకున్న రీలు కర్రలు. బడిపిల్లలు, రిటైరైన మాస్టార్లు, మిరపకోతలు లేక ఖాళీగా ఉన్న కూలీలు, పేట నుంచి బైకులేసుకొచ్చే కుర్రాళ్ళు. (మాకు పేట అంటే చిలకలూరిపేట. నరసరావుపేట వాళ్ళు ఒప్పుకోరు.) అంతమందికి సరిపడా చేపలు చెరువులో లేవు. ఉన్నవాటికి మేమందరం బాగా తెలుసు.

పాత గుంటూరు, ప్రకాశం జిల్లాలు కలిసే చోట, నల్లరేగడి నేలలో ఉంటుంది మా ఊరు. 1967 ఆగస్టులో సాగర్ కాలువలకి నీళ్ళు వదిలాక మా వైపు బతుకులు మారాయి. జొన్న, సజ్జ వెనక్కిపోయి పత్తి, మిర్చి ముందుకొచ్చాయి. చెరువుకీ కాలువ నీళ్ళే. కాలువ కట్టేశాక ఆ నీళ్ళే వేసవంతా తాగాలి. రెంటచింతల ఎండల పేరు వార్తల్లో వినే ఉంటారు, మా ఎండలూ దానికి దగ్గర చుట్టాలే. మే నెలకి చెరువు నీళ్ళు స్నానానికి కాచినట్టుంటాయి. నీళ్ళు వేడెక్కేకొద్దీ వాటిలో ప్రాణవాయువు తగ్గుతుంది. తెల్లవారుజామున బొచ్చెలూ శీలావతులూ పైకొచ్చి నోళ్ళు తెరుస్తుంటాయి. ఆ చేపలు పాటదారుడివి. పంచాయతీ వేలంలో చెరువు పాడుకుని, పిల్లలు తెచ్చి వదిలినవాడు ఆయన. వాటిని ముట్టుకుంటే గొడవైపోతుంది.

కొరమీను సంగతి వేరే. దాన్ని ఎవరూ వదల్లేదు. కాలువలోంచి వచ్చిందో, బురదలో దాక్కుని ఎండాకాలం దాటిందో, అదే వచ్చింది. పాము తల, మచ్చల ఒళ్ళు. మొప్పలతో పాటు గాలి కూడా పీల్చుకోవాలి కాబట్టి కాసేపటికొకసారి పైకొచ్చి ఒక గుక్క మింగి పోతుంది. అందుకే వేడి నీళ్ళని లెక్కచెయ్యదు. అందుకే బజార్లో టబ్బులో బతికుండగా అమ్ముతారు. తెలంగాణ వాళ్ళు దాన్ని రాష్ట్ర చేపగా పెట్టుకున్నారు. మా పాటదారుడి లెక్కలో మాత్రం అది దొంగ, ఆయన వదిలిన పిల్లల్ని మింగేస్తుంది. "కొరమీనైతే పట్టుకుపోండి, నాకే మేలు," అంటాడు. అలా ఆ ఒక్క చేప అందరిదీ అయింది.

నాకు గాలం నేర్పింది మా బాబాయి. మా నాన్న ఆ రోజుల్లో ఊళ్ళో లేడు. 1987లో తెల్లదోమ పత్తిని ఊడ్చేసింది. పురుగుమందుల అప్పులు మిగిలాయి. రెండు జిల్లాల్లోనూ రైతులు అవే మందులు తాగి చనిపోయిన ఏడాది అది. తర్వాత నాన్న సింధనూరు దగ్గర ఒక క్యాంపులో పొలం కౌలుకి తీసుకుని వెళ్ళాడు, సంక్రాంతికి వచ్చేవాడు. మిగతా పదకొండు నెలలూ నా ప్రోగ్రెస్ కార్డు మీద సంతకం పెట్టింది బాబాయే.

బాబాయి చెప్పే పాఠాలన్నీ, నలుగురూ గాలాలేసే చెరువులో ఎలా పట్టాలన్నదాని గురించే. గట్టు మీద చెప్పుల్లేకుండా నడవాలి, అడుగు అదురు నీళ్ళలోకి పోతుంది. పొద్దున పూట సూర్యుడికి ఎదురుగా కూచోవాలి, అప్పుడు నీ నీడ నీ వెనకే పడుతుంది. అందరూ వేసే చోట వెయ్యకూడదు. సర్కారుతుమ్మ కొమ్మలు నీళ్ళమీదకి వంగిన చోటో, తూటికాడల మధ్య చాటంత ఖాళీ ఉన్న చోటో వెయ్యాలి. ఎర చిన్న కప్ప. నీళ్ళమీద పడ్డాక ఒక బీడీ కాలినంతసేపు దాన్ని కదిలించకూడదు. "ఈ చెరువులో ప్రతి కొరమీనూ ఒకసారన్నా గాలాన్ని ఉమ్మేసిందేరా. దానికి తెలివి లేదనుకోబాక," అనేవాడు.

ఇంత చేసినా చాలా రోజులు ఏమీ పడేవి కావు. అందుకని ఇంకో ఉపాయం ఉండేది.

నాకు పదకొండేళ్ళప్పుడు, తొలకరి వానలు పడ్డాక ఒక పొద్దున, బాబాయి నన్ను తూము దగ్గరికి తీసుకెళ్ళి చెయ్యి చూపించాడు. నీళ్ళమీద పళ్ళెమంత మేర సన్నటి జల్లు పడుతున్నట్టుంది. ఆకాశం చూస్తే వాన లేదు. ఇంకాస్త వంగి చూస్తే నీళ్ళలో పండుమిరప తొక్కు కలిపినట్టు ఎర్రగా కదులుతోంది. కొరమీను పిల్లలు. వేలెడు కూడా లేవు, కొన్ని వందలుంటాయి. ఒకదాని వెంట ఒకటి గాలి కోసం పైకొచ్చి మునుగుతున్నాయి. వాటికింద నల్లగా ఒక నీడ.

"పిల్లల మధ్యలో వెయ్యి," అన్నాడు బాబాయి.

వేశాను. కప్ప పడటం, నీళ్ళు పగలడం ఒకేసారి జరిగాయి. బీడీ కాలేదాకా ఆగక్కర్లేకపోయింది. "ఆకలేసి కొట్టదురా అది, కోపంతో కొడుద్ది," అన్నాడు, నా చేతిలో వంగిన గెడ పట్టుకుంటూ. కిలోన్నర ఉంది. అమ్మ బూడిద వేసి జిగురు పోయేదాకా రుద్ది, పులుసు పెట్టింది. చాలా బాగుంది. అబద్ధమెందుకు, రెండోసారి కూడా వేయించుకుని తిన్నాను.

మర్నాడు బడికి వెళ్తూ తూము దగ్గర ఆగాను. పిల్లలు అక్కడే ఉన్నాయి, అదే చోట గుండ్రంగా తిరుగుతున్నాయి. మూడో రోజుకి గుంపు విడిపోయింది. తుమ్మకొమ్మ మీద లకుముకి పిట్ట కూచుని నింపాదిగా ఒక్కొక్కటీ ఏరుకుంటోంది. నాలుగో రోజు నీళ్ళు మామూలుగా ఉన్నాయి.

బాబాయికి చెప్పాను. ఆయన విసుక్కోలేదు. "మనం వదిలేస్తే సాయంత్రానికి ఇంకోడు పట్టేవాడు. పిల్లలు ఎట్టాగూ పొయ్యేయే. వాళ్ళింట్లో ఉడికేది మనింట్లో ఉడికింది, అంతే తేడా," అన్నాడు.

ముప్ఫై ఏళ్ళకి పైగా ఆలోచించినా ఆ మాటకి సరైన జవాబు నాకు దొరకలేదు. వాడరేవులోనూ నిజాంపట్నంలోనూ ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరపడవలు వేటకి పోవు. చేపలు గుడ్లు పెట్టే కాలమని 61 రోజుల నిషేధం. అందరూ ఒకేసారి ఆగుతారు కాబట్టి ఒక్కొక్కడు ఆగడానికి అర్థముంది. మా చెరువులో అలాంటి తేదీ లేదు. ఒక్కడే ఆగితే, వాడు తన చేపని పక్కవాడికి ఇచ్చినట్టే.

హైదరాబాదులో ఉద్యోగం, ఈఎంఐలు, ఇరవై ఏళ్ళు గాలం ముట్టలేదు. లాక్‌డౌన్లో యూట్యూబ్ చూస్తూ మళ్ళీ అంటుకుంది ఆ పిచ్చి. అమెరికాలో లార్జ్‌మౌత్ బాస్ అని ఒక చేప ఉంది. అదీ మన కొరమీనులాగే నీడలో పొంచి ఉండి దాడి చేసే రకం. దాని కోసం వాళ్ళు పెట్టే ఖర్చు చూస్తే ఇక్కడ ఎకరం మిర్చి పండించొచ్చు. దాంట్లో మగది గూడు చేసి, గుడ్లనీ పిల్లల్నీ కాపలా కాస్తుంది. దాని గురించి వెతుకుతూ ఇల్లినాయ్‌లోని రిడ్జ్ లేక్ అనే చిన్న చెరువు కథ చదివాను. 1975లో మొదలుపెట్టి అక్కడ పడ్డ ప్రతి చేపనీ గుర్తు వేసి వదిలారు. కొన్ని ఏడాదిలో మళ్ళీ మళ్ళీ పడ్డాయి, కొన్ని ఒక్కసారీ పడలేదు. ఈ రెండు రకాల్నీ వేర్వేరుగా పెంచి, మూడు తరాల పాటు చూశారు. గాలానికి పడే గుణం తల్లిదండ్రుల నుంచి పిల్లలకి వస్తోందని తేలింది. 2012లో వచ్చిన ఇంకో పరిశోధన ఆ తరాల చేపల్నే చూసి చెప్పిందేమిటంటే, సులువుగా గాలానికి పడే మగచేపలే పిల్లల్ని బాగా కాపాడేవి. గూడు దగ్గరికి ఏది వచ్చినా మీదపడి తరిమేవి అవే.

అది చదివిన రాత్రి నిద్ర సరిగా పట్టలేదు. అప్పటిదాకా మా చెరువులో కొరమీనుకి తెలివి పెరిగిందనుకున్నాను. అందరూ గాలాలేసే చెరువులో, గాలానికి చిక్కనివాటికే సంతానం మిగులుతుంది. బాస్‌కి జరిగిందే కొరమీనుకీ జరుగుతుందని ఎవరైనా చూశారని కాదు. కానీ నాకు తూము గుర్తొచ్చింది. మేం తెలివితక్కువ చేపల్ని ఏరుతున్నామనుకున్నాం. కోపమున్నవాటిని ఏరుతున్నామేమో.

కిందటేడు జూలైలో వారం సెలవు పెట్టి ఊరికెళ్ళాను. రబ్బరు కప్ప, ఫైబర్ కర్ర, అల్లిన దారం అన్నీ తీసుకెళ్ళాను. బాబాయికి మోకాళ్ళు పోయాయి, గట్టెక్కలేడు. మంచం మీదే కూచుని రబ్బరు కప్ప కాళ్ళు లాగి చూసి "దీనికన్నా బతికిన కప్ప చవకేగా," అన్నాడు. రెండు రోజులు ఒక్కటీ కొట్టలేదు. గట్టు మీద కుర్రాళ్ళు నా కర్రని మెచ్చుకుని, నన్ను చూసి నవ్వుకున్నారు.

మూడో రోజు తెల్లవారుజామున చాకిరేవు బండల పక్కన చూశాను, ఆ వాన పడని జల్లుని. కింద నీడ. అది పైకొచ్చి ఒక గుక్క గాలి మింగి దిగింది, బుడగలు నా కాళ్ళకి మూడు బారల దూరంలో. ఆ దూరానికి గురి తప్పే అవకాశమే లేదు.

సాకు కూడా సిద్ధంగా ఉంది. నేను తినడానికి పట్టడం లేదు. పట్టి, ఫొటో తీసుకుని వదిలేస్తాను. రెండు నిమిషాలు. కానీ గూడు దగ్గర పట్టి వదిలిన బాస్ సంగతీ చదివే ఉన్నాను. అది తిరిగొచ్చేలోపే చుట్టూ ఉన్న చేపలు లోపలికొచ్చి తినేస్తాయి. చదువుకున్నందుకు ఇదొక నష్టం. కర్ర ఎత్తి, అలాగే నిలబడ్డాను.

వెనక బైకు ఆగింది. బకెట్టూ, చిన్న డబ్బాలో కప్పలూ పట్టుకుని ఒక కుర్రాడు దిగాడు.

"ఏమన్నా కొట్టిందా అన్నా?"

"ఎక్కడ తమ్ముడూ. చెత్త పరకలు తప్ప."

చెప్తూనే కప్పని దూరంగా, అవతలి తూటికాడల వైపు విసిరాను. గట్టిగా చప్పుడయ్యేలా లాగాను. "ఇందాక అటు ఏదో కదిలింది," అన్నాను. వాడు నమ్మి అటువైపు నడిచాడు. చెప్పులు చేత్తో పట్టుకుని నడిచాడు, ఎవరో బాగానే నేర్పారు.

ఆ నడక చూశాక సిగ్గేసింది. బజార్లో కిలో కొరమీను ఐదొందల పైమాటే. అది వాడికి ఒక రోజు కూలి. నాకు ఆ చేప ఒక రాత్రి పాడైన నిద్ర, ఒక వ్యాసం. ఏ హక్కుతో వాణ్ణి మోసం చేశానో చెప్పలేను. అయినా వాడు వెళ్ళేదాకా, ఎండ వీపు మీదకొచ్చేదాకా, ఆ బండల మీద నుంచి లేవలేదు. మధ్యలో బట్టలుతకడానికి వచ్చినావిడ "ఏంటి బాబూ, గాలమెయ్యకుండా కూచున్నావు?" అని అడిగింది కూడా.

ఇంటికొచ్చేసరికి బాబాయి మోకాళ్ళకి నూనె రాసుకుంటున్నాడు.

"పడిందా?"

"లేదు."

"పిల్లలేమన్నా కనపడ్డాయా?"

"ఆఁ. తూము దగ్గర," అన్నాను.

బాబాయి నూనె గిన్నె పక్కన పెట్టి కాసేపు నా మొహంలోకి చూశాడు. "తూముకాడా? నువ్వు పట్టిందాని తర్వాత అక్కడ పిల్లలు పెట్టడం నేను చూళ్ళేదే," అన్నాడు. ఇంకేమీ అడగలేదు. లోపలికి తిరిగి, అబ్బాయి వచ్చాడు అన్నం పెట్టమని పిన్నిని కేకేశాడు.