రక్తం పలచబడదు!

నేను రక్షణ శాఖ లెక్కల విభాగంలో పనిచేసి రిటైరయ్యాను. చదివింది బి.కాం. గుండెలో కృత్రిమ మైట్రల్ కవాటం పెట్టినప్పటి నుంచి రోజూ వార్ఫరిన్ వేసుకుంటున్నాను కాబట్టి, అది లోపల ఏం చేస్తోందో తెలుసుకోవాలనుకున్నాను.

అందరూ దీన్ని "రక్తం పలచబరిచే మందు" అంటారు. మా బావమరిదైతే "ఆ ఎలుకల మందు మానెయ్యండి బావగారూ, వెల్లుల్లి తింటే రక్తం అదే పలచబడుతుంది" అని ఒకటే పోరు. ఎలుకల మందన్న మాట నిజమే. 1948లో అమెరికాలో అలాగే అమ్మకానికి వచ్చింది. రక్తం పలచబడుతుందన్నదే అబద్ధం. నీళ్ళు కలిపిన పాలలాగా రక్తం మారదు.

మరి జరిగేదేమిటి? ప్రతి కణం పైపొరలో రెండు వరుసల కొవ్వు ఉంటుంది. అందులో ఫాస్ఫాటిడైల్‌సెరిన్ అనే కొవ్వును కణం శక్తి ఖర్చుపెట్టి మరీ లోపలి వరుసలోనే ఉంచుతుంది. గాయమైన చోట ప్లేట్‌లెట్లు ఉత్తేజం పొందితే అది బయటి వరుసలోకి వస్తుంది. గడ్డకట్టించే 2, 7, 9, 10 నంబరు ప్రోటీన్లకు ఒక చివర కొక్కేల్లాంటి భాగాలున్నాయి. అవి కాల్షియాన్ని పట్టుకుని, దాని ద్వారా ఆ కొవ్వు మీద కూర్చుంటాయి. ఉత్తేజితమైన 10వ ప్రోటీన్ ఒంటరిగా చేసే పని, 5వ దాని తోడుతో ఆ పొర మీద సుమారు 3 లక్షల రెట్లు వేగంగా జరుగుతుంది. మా ఆఫీసు భాషలో చెప్పాలంటే, బిల్లు ఎంత సవ్యంగా ఉన్నా శాంక్షన్ లేనిదే చెల్లింపు లేదు. ఆ శాంక్షన్ ఇచ్చేది ఈ కొవ్వు. స్కాట్ సిండ్రోమ్ అనే అరుదైన జబ్బులో ప్రోటీన్లన్నీ బాగానే ఉంటాయి, ఈ కొవ్వు మాత్రం సరిగా బయటికి రాదు. అందుకే రక్తస్రావం ఆగదు.

కొక్కేలను తగిలించేది కాలేయం. దానికి విటమిన్ కె కావాలి. వాడిన విటమిన్ కె మళ్ళీ పనికొచ్చే రూపంలోకి మారకుండా వార్ఫరిన్ అడ్డుకుంటుంది. ప్రోటీన్లు తయారవుతాయి, కానీ కొక్కేలు చాలక పొర మీద నిలవలేవు. ఈ కొక్కేల సంగతి శాస్త్రవేత్తలకు తెలిసింది 1974లో.

ఇది తెలిస్తే తోటకూర, గోంగూర గొడవ కూడా తీరుతుంది. వాటిలో విటమిన్ కె ఉంది. మానెయ్యక్కర్లేదు, రోజూ ఇంచుమించు ఒకే మోతాదులో తింటే చాలు. మిగతాది ఐ.ఎన్.ఆర్. పరీక్ష చెబుతుంది. నాకు 2.5 నుంచి 3.5 మధ్య ఉండాలి. తగ్గితే కవాటం మీద గడ్డ కట్టి పక్షవాతం రావచ్చు, మరీ పెరిగితే మెదడులో రక్తస్రావం కావచ్చు.

మందు మానమని సలహా ఇచ్చేవాళ్ళను ఒక్కటే అడగండి: "మీ చిట్కాతో నా ఐ.ఎన్.ఆర్. ఎంత ఉంటుంది?" మా బావమరిది ఇంకా జవాబు చెప్పలేదు.