తక్కువ ఖర్చుతో సాగర్ ప్రయాణము

మా సంఘములోని కుటుంబములన్నీ సాగర్ ఎడమ కాలువ నీళ్ళతో పండిన అన్నమే తింటున్నాయి. అయినా మాలో సగము మంది ఆ డ్యామును చూడనేలేదు. మిర్యాలగూడ దాటి హాలియా మీదుగా పోతే పూట ప్రయాణము కూడా కాదు. ఖర్చుకు జంకి ఆగిపోయినవారే ఎక్కువ.

రెండేళ్ళ క్రితము మేమొక పొరపాటు చేశాము. ప్రైవేటు బస్సు మాట్లాడి తలకు 600 రూపాయలు వేశాము. బయలుదేరే ఉదయము ఒక కుటుంబము రాలేదు. భార్యాభర్తలు, ముగ్గురు ఆడపిల్లలు, ఒక పిల్లవాడు. "బాబుకు జ్వరం అయ్యగారూ" అని కబురు పంపారు. రాత్రి తిరిగి వచ్చి పరామర్శకు వెళితే ఆ బాబు వీధి దీపము కింద గోలీలాడుతున్నాడు. తల్లి తల వంచుకొన్నది. కూలికి పోయే ఇంట్లో 3,600 రూపాయలు ఎక్కడ నుండి వస్తాయి? ఆ లెక్క మేమే ముందుగా వేయవలసినది.

అందుచేత ఈసారి ప్రభుత్వ బస్సులలో వెళ్ళాము. 2023 డిసెంబరు 9 నుండి తెలంగాణలోని స్త్రీలకు, బాలికలకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో ఛార్జీ లేదు. ఆధార్ కార్డు మరచిపోకూడదు. ఆ ఇంట్లో తండ్రికి నిండు టికెట్టు, బాబుకు అర టికెట్టు, అంతే. మిర్యాలగూడ బస్టాండులో గంటసేపు నిలబడవలసి వచ్చినది. అది ఓర్చుకోవలసిందే.

అయితే ఈ ఉచితము రాష్ట్ర సరిహద్దు వరకే. కృష్ణ దాటితే పల్నాడు జిల్లా, ఆంధ్రప్రదేశ్. ఎత్తిపోతల జలపాతము, అనుపు, నాగార్జునకొండ మ్యూజియమునకు పోయే లాంచీ అన్నీ అటువైపే. అన్నిటినీ ఒక్కరోజే చూడాలంటే ఆటోలకే చేతిలోని డబ్బు అయిపోతుంది. మేము ఎడమ గట్టుతో సరిపెట్టుకొన్నాము.

గేట్లు ఎత్తిన కొత్తలో, ఆదివారములలో అక్కడ కాలు పెట్టే సందు ఉండదు. మేము దసరా సెలవులలో ఒక మంగళవారము పోయాము. పులిహోర, పెరుగన్నము, మామిడికాయ తొక్కు ఇంటి నుండే తీసుకెళ్ళాము. కోడికూర ఎండకు పాడవుతుందని మేమే వద్దన్నాము. అందుకు కొందరికి మా మీద ఇంకా కోపము పోలేదు. సాగర్‌లో చేపల వేపుడు వాసన వస్తుంటే పిల్లలను ఆపడము కష్టము గనుక ఇంటికొక ప్లేటు అని ముందే అనుకొన్నాము.

డ్యాము మీద నడవనివ్వరు. దిగువ వంతెన దగ్గర నుండి చూడాలి. 26 గేట్లలో నాలుగు ఎత్తి ఉన్నాయి. నీటి తుంపరలు మా ముఖముల మీద పడుతున్నాయి. 1955 డిసెంబరు 10న నెహ్రూగారు శంకుస్థాపన చేశారనీ, 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీగారు కాలువలకు నీరు వదిలారనీ మేము పిల్లలకు చెప్పుచుండగా మా వెంట వచ్చిన ఒక పెద్దమ్మ అడ్డము వచ్చినది. పన్నెండేళ్ళ వయసులో తల్లితో కలిసి ఆమె అక్కడే తట్ట మోసినదట.

"మేం మోసినప్పుడు ఈ గేట్లు లేకుండె అయ్యగారూ. ఉత్త రాయి."

నిజమే, గేట్ల పని 1974లో గాని పూర్తి కాలేదు. ఆ తరువాత ఆమె మళ్ళీ సాగర్ చూడలేదు. అరవై ఏళ్ళు కావస్తున్నది. చాలాసేపు ఆ రాతిగోడనే చూచి, తన అమ్మ కూర్చొని సద్ది తినే చోటు ఎటువైపో వెతికినది. దొరకలేదు.

ఆ ఆరుగురి కుటుంబమునకు చేపలతో కలిపి అయిన ఖర్చు 600 లోపే. తిరుగు బస్సులో బాబు మా పక్కకు చేరి, "కొండకు లాంచీల ఎప్పుడు పోదాం?" అన్నాడు. లాంచీకి, మ్యూజియమునకు టికెట్లు వేరు. శుక్రవారము మ్యూజియము ఉండదు. ఇప్పుడు మా వంటింట్లో ఒక డబ్బా పెట్టాము. ఇంటికి వారానికి పది రూపాయలు. వేసవి సెలవులకు ఎంతవుతుందో చూడాలి.