అడవి అంచున ఎండ్రకాయ

కొత్తగూడెం నుండి పాల్వంచ మీదుగా భద్రాచలం వెళ్ళే దారిలో అడవి, వరిమళ్ళు ఒకదాని వెంట ఒకటి కనబడుతూ ఉంటాయి. కిన్నెరసాని ఈ అడవుల నీటిని మోసుకొని బూర్గంపాడు దగ్గర గోదావరిలో కలుస్తుంది. ఈ ప్రాంతపు గ్రామాలను దర్శిస్తూ తిరిగే మాకు తొలకరి వచ్చిందని గుర్తుచేసేది ఎండ్రకాయ. పెద్ద వాన పడిన రాత్రి లాంతరు పట్టుకొని వెళ్తే గట్ల మీద, బాటల మీద అడ్డంగా పరుగెత్తుతూ కనబడుతుంది.

సముద్రం లేనిచోట పీత ఎలా బ్రతుకుతుందని కోస్తా నుండి వచ్చిన బంధువులు మమ్మును అడుగుతుంటారు. కోరంగి మడ అడవులలోని మండపీత గ్రుడ్లు పొదిగే కాలానికి సముద్రానికి పోతుంది. లక్షల కొలది పిల్లలను నీటిలో విడిచిపెడుతుంది. అవి మొదట పీత రూపంలోనే ఉండవు. వాటిలో బ్రతికేవి బహు కొద్ది. మన పొలాల ఎండ్రకాయ పుట్టుక నుండి చావు వరకు మంచినీటి జీవి. దీని గ్రుడ్లు పెద్దవి, లెక్కకు కొన్ని వందలే. తల్లి వాటిని పొట్ట క్రింది మడతలో దాచుకొంటుంది. పిల్లలు చిన్న ఎండ్రకాయలుగానే బయటికి వచ్చి, కొన్నాళ్ళు ఆ మడతలోనే ఉండి, తరువాత విడిపోతాయి. ఆ మడత వెడల్పుగా ఉంటే ఆడది, సన్నగా ఉంటే మగది.

దీనికి పది కాళ్ళు. ముందరి రెండు డెక్కలు. ఊపిరి తీసుకొనేది మొప్పలతో. అవి తడిగా ఉన్నంతసేపు ఒడ్డున తిరుగగలదు. అందుకే వేసవిలో తడి తగిలేవరకు లోతుగా బొరియ త్రవ్వుకొని వానల వరకు లోపలే ఉండిపోతుంది. పెంకు పెరగదు గనుక, పాము కుబుసం విడిచినట్లు పాత పెంకు విడిచి, కొత్తది గట్టిపడేవరకు దాగి ఉంటుంది. ఊడిన కాలు కూడా ఇలా పెంకు మార్చుకొన్నప్పుడు మరల వస్తుంది.

రైతుకు దీనితో తగవు ఉన్నమాట నిజమే. గట్టుకు బొక్క పడితే మడిలో నీరు నిలువదు. లేత నారును కూడా కత్తిరిస్తుంది. దానికి కోపగించి కొందరు బొరియలలో గుళికల మందు పోస్తున్నారు. పొలం ఎండ్రకాయ మీద పురుగుమందులు చేసే హానిని గూర్చి తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో పరిశోధనలు జరిగాయి. ఫోరేట్ గుళికలను 2020 డిసెంబరు 31 నుండి దేశంలో పూర్తిగా నిషేధించారు. మందు పోసిన బొరియ ప్రక్కనే కప్పలు, చేపలు, కొంగలు ఉంటాయి. సాయంత్రం ఆ ఎండ్రకాయను పట్టి ఇంటికి తెచ్చేది మన పిల్లలే. నాట్లకు ముందే గట్లకు బంకమట్టి మెత్తి గట్టిగా త్రొక్కడం, చీకటిపడ్డాక చేతితో ఏరివేయడం, కుండ పాతిపెట్టి తవుడు ఎరవేయడం మేలైన పద్ధతులు.

ఇంకొక మాట తల్లులకు. పశువులు కాచే పిల్లలు ఎండ్రకాయలను నిప్పుల మీద వేసి సగం కాలగానే తింటారు. మంచినీటి ఎండ్రకాయ కండలో ఒక విధమైన పురుగు పిల్లలు ఉండవచ్చు. పచ్చిగా తింటే అవి ఊపిరితిత్తులకు చేరి దగ్గు, రక్తపు కళ్ళె కలిగిస్తాయి. మణిపూర్, నాగాలాండ్, అరుణాచల్ ప్రదేశ్‌లలో ఈ వ్యాధిని కనుగొన్నారు. చూచుటకు క్షయవలె ఉంటుంది గాని క్షయ మందులకు తగ్గదు. కళ్ళె పరీక్షలో పురుగు గ్రుడ్లు కనబడితే దానికి వేరే మందు ఉన్నది. మానని దగ్గుతో ఆసుపత్రికి వెళ్ళినప్పుడు, పచ్చి ఎండ్రకాయ తిన్న సంగతి డాక్టరుగారికి తప్పక చెప్పండి.

పేదయింట వానకాలంలో ఎండ్రకాయల పులుసు ఖర్చులేని బలమైన కూర. దానిని మానుకొనుమని మేము చెప్పము. కండ తెల్లబడి పెంకు ఎర్రబడేవరకు బాగా ఉడికించండి. మందు చల్లిన మడిలోనివి పట్టనియ్యకండి. పొట్ట క్రింద పిల్లలున్న తల్లిని నీటిలోనే వదలండి. వచ్చే ఏటి పులుసు దానిలోనే ఉన్నది.