నీలి తెర కూడా ఒక లక్షణమే

జ్వరం వ్యాధి కాదు, వ్యాధికి లక్షణం మాత్రమేనని వైద్య విద్యార్థికి మొదటి రోజుల్లోనే నేర్పుతారు. చక్కగా పనిచేస్తున్న కంప్యూటరు హఠాత్తుగా ఆగిపోయి, తెర యావత్తు నీలంగా మారటం కూడా అటువంటిదే. ఆరోగ్య విషయాలు చదవటానికి వచ్చిన మీకు ఈ యంత్రం గొడవ ఎందుకని అనిపించవచ్చు. నా కంప్యూటరు జబ్బును కనిపెట్టిన పద్ధతి మీరు వాడే మందుల విషయంలోనూ అక్కరకు వస్తుంది కనుక వివరంగా వ్రాస్తున్నాను.

పదవీ విరమణ తరువాత కొందరు పాత రోగులతో వీడియోలో మాట్లాడుతూ ఉంటాను. గత నెలలో ఒక పెద్దాయన తన వాచిన పాదాలను కెమెరాకు చూపిస్తూ ఉండగా నా తెర నీలమైపోయింది. ఫోనులో సంభాషణ పూర్తిచేశాను గాని, ఆ వారంలో అలా జరగటం అది నాలుగవసారి. మరమ్మతు దుకాణంలో చూపిస్తే "ఫార్మాట్ కొట్టాలి సార్, వేరే దారి లేదు" అన్నారు. అంటే డిస్కును పూర్తిగా తుడిచివేసి విండోస్‌ను తిరిగి ఎక్కించటం. అందులో ముప్ఫై ఏళ్ల కేసుల వివరాలున్నాయి, పిల్లల చిన్ననాటి ఫొటోలున్నాయి. ముందుగా వాటన్నిటినీ విడి డిస్కులోకి కాపీ చేసుకున్నాను. మీరైనా మొదట చేయవలసిన పని అదే. ఆ తరువాత పరీక్షలు మొదలుపెట్టాను. రోగ నిర్ణయం కాకముందే కత్తి పట్టటం నాకు అలవాటు లేదు.

యంత్రం ఇలా ఆగిపోవటానికి కారణాలు అనేకం: లోపల వేడి పెరగటం, మెమరీ చెడటం, డిస్కు దెబ్బతినటం, వైరస్, లోపమున్న డ్రైవర్. విండోస్‌లోనే ఉండే మెమరీ పరీక్ష చేయించాను, దోషం లేదు. డిస్కు బాగుంది. ఫ్యాను తిరుగుతోంది, వేడి హద్దులోనే ఉంది. వైరస్ కనబడలేదు.

ఇక మిగిలింది రోగి చరిత్ర. ఎప్పుడు వస్తోంది? వీడియోలో మాట్లాడేటప్పుడు, పెద్ద ఫైళ్లు దించుకునేటప్పుడు. ఇంటర్నెట్ లేకుండా గంటల తరబడి వ్యాసాలు వ్రాసుకున్నా ఒక్కసారీ రాలేదు. ఎప్పటి నుంచి? విండోస్‌లో 'రిలయబిలిటీ మానిటర్' అనే పట్టిక ఉంటుంది. ఏ రోజున ఏది కొత్తగా చేరింది, ఏది విఫలమైంది అన్నది ఆసుపత్రిలో మంచానికి తగిలించే చార్టులా అది చూపుతుంది. మొదటి నీలి తెరకు ముందు రోజునే వైఫై కార్డుకు కొత్త డ్రైవర్ వచ్చి చేరింది.

కంప్యూటరులోని ఒక్కొక్క భాగంతో మాట్లాడటానికి విండోస్‌కు ఒక దుబాసీ కావాలి. డ్రైవర్ అంటే ఆ దుబాసీయే. మామూలు ప్రోగ్రాము తప్పు చేస్తే అది ఒక్కటే మూతపడుతుంది. నెట్‌వర్క్ కార్డు డ్రైవర్ అయితే విండోస్ గుండెకాయ వంటి కెర్నల్‌లో పనిచేస్తుంది. తాకరాని వేళలో తాకరాని మెమరీని అది తాకితే, సమాచారం మరింత పాడుకాకుండా విండోస్ తనంతట తానే ఆగిపోతుంది. తెర మీద కనిపించిన 'డ్రైవర్ ఐఆర్‌క్యూఎల్ నాట్ లెస్ ఆర్ ఈక్వల్' అనే మాటల తాత్పర్యం ఇదే.

వాటి కిందనే ఒక ఫైలు పేరు కూడా ఉంది. అది విండోస్ నెట్‌వర్క్ విభాగానికి చెందినది. అయితే ఆ పేరును బట్టే తీర్పు చెప్పరాదు. పిత్తాశయంలో పుట్టిన నొప్పి కుడి భుజంలో తెలియవచ్చు. అలాగే ఒక డ్రైవర్ చేసిన తప్పు మరొక ఫైలు పేరుతో బయటపడవచ్చు.

అందుచేత మందుల దుష్ఫలితాలను తేల్చే పద్ధతినే అనుసరించాను. అనుమానించిన మందును ఆపి చూడటాన్ని డీఛాలెంజ్ అని, తిరిగి ఇచ్చి చూడటాన్ని రీఛాలెంజ్ అని అంటాం. నరాంజో, ఆయన సహచరులు 1981లో ప్రచురించిన పది ప్రశ్నల పట్టికలో ఈ రెండూ ఉన్నాయి. 'డివైస్ మేనేజర్'లో వైఫై కార్డును డిసేబుల్ చేసి, ఫోనును యుఎస్‌బి తీగతో కలిపి ఇంటర్నెట్ వాడాను. మూడు రోజులు వీడియోలో ఎంత మాట్లాడినా నీలి తెర రాలేదు. అంటే దోషం ఇంటర్నెట్‌ది కాదు. కార్డును తిరిగి ఎనేబుల్ చేశాను. గంట తిరగకముందే వచ్చింది.

చికిత్స ఐదు నిమిషాల పని. అదే డివైస్ మేనేజర్‌లో కార్డు ప్రాపర్టీస్ తెరిచి, డ్రైవర్ విభాగంలో 'రోల్ బ్యాక్ డ్రైవర్' నొక్కితే పాత డ్రైవర్ తిరిగి వస్తుంది. ఆ మీట పనిచేయకపోతే, కంప్యూటరు తయారీదారు వెబ్‌సైటు నుంచి పాత డ్రైవర్‌ను మరొక యంత్రంలో దించుకుని పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకోవచ్చు. అప్‌డేట్లను కొన్నాళ్లు నిలిపి ఉంచండి; లేకుంటే అదే డ్రైవర్ మళ్లీ చేరవచ్చు. ఫార్మాట్ చేయించినా ఇదే ప్రమాదం. ఉన్నదంతా తుడిచిపెట్టుకుపోయేది, అప్‌డేట్‌తో జబ్బు మళ్లీ వచ్చేది. డ్రైవర్లన్నీ ఒక్క నొక్కుతో బాగుచేస్తామనే ప్రకటనలను సర్వరోగ నివారిణుల జాబితాలో వేయండి.

ఆ పెద్దాయన పాదాల సంగతీ చెప్పాలి. గుండె, మూత్రపిండాలు, కాలేయం పరీక్షల్లో బాగానే ఉన్నాయి. అంతకు నెల ముందు రక్తపోటుకు ఆమ్లోడిపిన్ మొదలుపెట్టారు. పాదాల వాపు ఆ మందుతో తరచు కనిపించేదే. వాపు తగ్గటానికి మరొక మాత్ర జోడించకుండా ఆయన వైద్యులు ఆ మందునే మార్చారు. వాపు క్రమంగా తీసింది.

యంత్రానికీ మనిషికీ ఒక భేదం ఉంది. కార్డును ఎన్నిసార్లు ఆపి, ఎన్నిసార్లు తిరిగి పెట్టినా ప్రాణాపాయం లేదు. మందులతో ఆ ప్రయోగం మీరు స్వయంగా చేయరాదు. రక్తపోటుకు, గుండెకు, మూర్ఛకు వాడే మందుల్లో కొన్నిటిని హఠాత్తుగా ఆపితే ముప్పు. మీరు చేయదగినది ఒకటుంది. ఏ మందు ఏ తేదీన మొదలైందో, ఏ బాధ ఏ తేదీన కనిపించిందో ఒక చిన్న పుస్తకంలో వ్రాసుకోండి. వైద్యుని వద్దకు వెళ్లినప్పుడు ముందుగా ఆ పుస్తకాన్ని ఆయన చేతిలో పెట్టండి.