తరుగు, మజూరీ కట్టి తెచ్చుకున్న సువారెజ్

యూహేనియో సువారెజ్‌ని 2023 నవంబరులో మా సియాటెల్ మెరైనర్స్ వాళ్ళు అరిజోనాకి ఇచ్చేసినప్పుడే నాకు ఒళ్ళు మండింది. జీతం మిగులుతుందని లెక్కట! 2025 జులై ఆఖరున మళ్ళీ అతన్నే తెచ్చుకున్నారు, ఈసారి ముగ్గురు కుర్రాళ్ళని ఇచ్చి. నగ అమ్మేసి, మళ్ళీ అదే నగని తరుగు, మజూరీ కట్టి కొనుక్కున్నట్టు లేదూ?

తీరా వచ్చాక పెద్దగా కొట్టలేదు. "ఏడమ్మా నీ సువారెజ్?" అని మా అబ్బాయి రోజూ దెప్పుడే. క్యాల్ రాలీ 60 హోమ్‌రన్లు కొట్టి బండి లాగాడు. 2001 తర్వాత మొదటిసారి డివిజన్ గెలిచాం. డెట్రాయిట్‌తో ఆఖరి ఆట 15 ఇన్నింగ్స్ సాగింది, ఇంట్లో ఎవరూ పడుకోలేదు.

ఆ తర్వాత టొరంటోతో అయిదో ఆట, ఎనిమిదో ఇన్నింగ్స్. మూడు బేస్‌లూ నిండి ఉండగా సువారెజ్ బంతిని స్టాండ్స్‌లోకి కొట్టాడు. ఒక్క దెబ్బకి నాలుగు పరుగులు! మా అబ్బాయి వైపు చూశాను, అంతే. ఏమీ అనలేదు.

ఏడో ఆట 4-3తో పోయింది. స్ప్రింగర్ పేరు మా ఇంట్లో ఎత్తకండి. 1977లో పుట్టిన జట్టు, 30 జట్లలో వరల్డ్ సిరీస్ ముఖం చూడనిది మాదొక్కటే.

జాష్ నేలర్‌ని అయిదేళ్ళకి ఉంచుకున్నారు, మంచి పని. సువారెజ్ ఒప్పందం మాత్రం అయిపోయింది. 34 ఏళ్ళవాడికి అంత డబ్బెందుకంటారు మా వారు. ఇప్పుడు వదిలేసి, జులైలో మళ్ళీ ఏ కుర్రాళ్ళనిచ్చి తెచ్చుకుంటారోనని నా బెంగ.